రెండో ఆదివారం, మేడమీద గది

ఏడురోడ్ల కూడలి దాటి పాలకొండ రోడ్డులోకి తిరిగితే
ఎడమచేతి పక్కన టైలరు కూర్మారావు కొట్టు.
దాని నెత్తిమీద గది.
తాళం నా దగ్గరుంటుంది.
అద్దె లేదు; బదులుగా నెలకోసారి
ఆయన బిల్లుల కంప్యూటర్ని బతికించి పెట్టాలి.
అదీ ఒడంబడిక.

మాకు బోర్డు లేదు.
గోడకి ఒక పెంగ్విను బొమ్మ,
తేమకి పొట్ట ఉబ్బి ఇంకా లావైంది.
కొలతలకొచ్చిన పిల్లలు మెట్లెక్కి తొంగిచూసి
"బాతు, బాతు" అంటారు.
దిద్దడం మానేశాం.

మొదటి నెల ముప్ఫై నలుగురొచ్చారు,
ఉద్యోగాలిస్తామనుకున్నారు.
రెండో నెల పన్నెండు.
ఇప్పుడు హాజరు పుస్తకంలో
నాలుగు సంతకాలు, ఒక టీగ్లాసు మరక.

"ఊరికినే ఎవులిస్తారు బావూ?
ఏటో మెలిక ఉంటాది" అంటాడు కూర్మారావు,
లినక్సులోనే బిల్లు కొడుతూ.
ముఖలింగం లైన్‌మేను, ఓపిక ఎక్కువ,
గంటసేపు చెప్పాడొకసారి లైసెన్సు సంగతి.
అంతా విని ఆయన
చేతిలో చొక్కాని తిరగేసి చూపించాడు:
"అంటే కుట్టు కనపడేలాగ ఇస్తారన్నమాట."
ఆ తర్వాత మేమెవరం
అంతకంటే బాగా చెప్పలేకపోయాం.

ఈ ఆదివారం పని: మెనూలకి తెలుగు.
'రూట్' దగ్గరే పదకొండయింది.
వేరు అని నేను, మూలం అని తవిటినాయుడు.
పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేస్తాడు,
ఓడిపోవడం రాదు.
'కెర్నల్' దగ్గరికొచ్చేసరికి కరెంటు పోయింది.
ముఖలింగం వైపు చూశాం అందరం.
"నా సెక్షను కాదు" అన్నాడు.

అప్పుడొచ్చింది డిల్లేశ్వరి.
పలాస నుంచి పాసింజరు, ఆమదాలవలసలో దిగి ఆటో,
తువ్వాల్లో చుట్టిన ల్యాప్‌టాప్ ఒళ్లో.
జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల పొదుపు సంఘం లెక్కలు
మూడేళ్లవి అందులో.
డబ్బు కట్టమని అడిగి అడిగి
సగంలో నీలంగా ఆగిపోయిందట.

బ్యాటరీ ముప్ఫై ఒకటి శాతం ఉంది.
తవిటినాయుడు జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు.
ముందు లెక్కలు కాపీ, తర్వాతే మిగతావి.
గీత మెల్లగా నిండుతోంటే
మళ్లీ మా గొడవలో పడ్డాం:
అంతర్భాగం, బీజకం, గర్భకోశం...
"ఛీ, ఆస్పత్రిలా ఉంది" అన్నాడు ముఖలింగం.

"కెర్నలంటే పప్పే కదేటండీ?"
డిల్లేశ్వరి తలెత్తలేదు, గీతనే చూస్తోంది.
"మా కార్ఖానాల అలాగే అంటారు.
మూడొందలిరవై నంబరు కెర్నలు, ముక్క కెర్నలు.
పెంకు పగలగొట్టి, పొర తీసి,
ఇరగకుండా బయటికి తీస్తే కేజీకి ఇంత."

మేం నవ్వబోయాం.
నవ్వు ఎక్కడో మెట్లమీదే ఆగింది.

పేరు, ఊరు, గడియారం అన్నీ అడిగి
వేలిముద్ర పెట్టమంది తెర.
పెట్టింది. గుర్తుపట్టలేదు.
చీరకొంగుకి తుడుచుకుని మళ్లీ పెట్టింది.
లేదు.
వేళ్లు చూపించింది, పదీ:
జీడి నూనెకి కాలి, నల్లబడి, నున్నగా.
"రేషను కొట్టుకాడా ఇంతేనండి.
నాకు గీతల్లేవు.
అక్షరాల తాళం ఏదైనా ఉంటే పెట్టండి."

ఉంది.
రెండుసార్లు కొట్టాలి, పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి.
ఆమె ఒక్కో మీట వెతుక్కుంటోంటే
కిటికీలోంచి మేం ముగ్గురం
ఎదుటి మందులషాపు షట్టరుని తెగ పరిశీలించాం.
అన్నీ విప్పి చూపించే ఆ గదిలో
దాచాల్సింది అదొక్కటే.

నాలుగున్నర బండికి వెళ్లిపోయింది.
కరెంటు ఆ తర్వాతొచ్చింది.
హాజరు పుస్తకంలో ఐదో సంతకం,
పొదుపు సంఘం ముద్రతో సహా వేసింది.

మా పట్టికలో కెర్నల్ ఎదురుగా
తవిటినాయుడు పెన్సిల్‌తో 'పప్పు' అని రాసి
పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాడు.
వాదించడానికి వచ్చే నెల వరకూ టైముంది.
తాళం వేసి దిగుతోంటే కూర్మారావు అడిగాడు,
"ఎంత తీసుకున్నారేటి ఆ పిల్లకాడ?"